పది వారాల లెక్క

జిల్లా ఆసుపత్రిలో ఉదయం పది గంటలు. నెలలు నిండకుండా పుట్టి ఇళ్లకు వెళ్లిన పిల్లలను మళ్లీ చూసే గది ఇది. తూకం బల్ల పక్కన మీరు నిలబడి ఉన్నారు. తొట్టిలో ఓ ఆడపిల్ల కాళ్లు ఝాడిస్తోంది. అంకె నిలవగానే సిస్టర్ పైకి చదువుతుంది: "ఆరు కిలోల రెండొందలు."

అమ్మమ్మ ముఖం వాడిపోతుంది. "ఎనిమిది నెలలు దాటాయమ్మా. మా పక్కింటి పిల్ల దీనికంటే చిన్నది, అప్పుడే ఎనిమిది కిలోలు తూగుతోంది."

పాప తల్లి ఏమీ అనదు. తల్లీబిడ్డల కార్డు తీసి ఎదుగుదల గీతల పేజీ చూపిస్తుంది. ఊళ్లో ఎవరో ఎనిమిదో నెల దగ్గర పెట్టిన చుక్క పసుపు పట్టీలో ఉంది. బరువు తక్కువని దానర్థం.

డాక్టరమ్మ కార్డు వెనక్కి తిప్పి కాన్పు వివరాలు చూస్తుంది. 30 వారాలకే పుట్టింది. నిండు గర్భం 40 వారాలు. అంటే పది వారాలు ముందు. ఆ పది వారాలు వయసులోంచి తీసేస్తే పాపకు ఇప్పుడు నిండినవి ఆరు నెలలు. ఇదే సవరించిన వయసు. అదే బరువును ఆరో నెల దగ్గర గుర్తు పెడుతుంది. చుక్క ఆకుపచ్చలో పడుతుంది. తల్లి వంగి ఆ చుక్కనే చూస్తుంది, మీరూ చూస్తారు.

"రెండేళ్లు నిండేదాకా ఈ లెక్కే చూడాలి. బరువొక్కటే కాదు, పొడవు, తల చుట్టుకొలత కూడా" అంటుంది డాక్టరమ్మ.

"ఆడపిల్లకు బేసి నెల మంచిదని ఐదో నెలలోనే అన్నప్రాసన పెట్టుకుందామన్నాను. మీరు ఆగమన్నారు" అంటుంది అమ్మమ్మ.

"అప్పటికి ఈ లెక్కన దానికి మూడు నెలలైనా లేవు పెద్దమ్మా. మెడ నిలవని బిడ్డకు ముద్ద ఎలా పెడతాం?" ఢిల్లీలో మూడు ఆసుపత్రుల్లో 34 వారాల లోపు పుట్టిన 403 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం గురించి చెబుతుంది. 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. సవరించిన వయసు నాలుగు నెలలకే తిండి మొదలెట్టిన పిల్లలు, ఆరు నెలలకు మొదలెట్టినవాళ్ల కంటే ఏడాదికి ఎక్కువ బరువేమీ పెరగలేదు. ఆసుపత్రిలో చేరాల్సి రావడం మాత్రం వాళ్లలోనే ఎక్కువ.

ఇప్పుడు పాపను ఒళ్లో కూర్చోబెడతారు. వీపుకు చెయ్యి ఆనిస్తే చాలు, తల నిటారుగా నిలుస్తోంది. చూపంతా సిస్టర్ చేతిలోని చెంచా మీదే. "ఇక ఆలస్యం చెయ్యకండి" అంటుంది డాక్టరమ్మ.

తల్లి డబ్బా మూత తీస్తుంది. రాగి జావ. సిస్టర్ చెంచా వంచగానే నీళ్లలా కారిపోతుంది. "ఇది పెడితే చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. చెంచా వంచినా జారిపోకూడదు." మరో గిన్నెలో మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, కాస్త నెయ్యి వేసి వేళ్లతో మెదుపుతుంది. మీ దాకా వస్తుంది నేతి వాసన. మొదటి ముద్ద సగం గడ్డం మీదికి కారుతుంది. రెండోది పాప నాలుకతో తడుముకుని మింగుతుంది. అమ్మమ్మ చప్పట్లు కొడుతుంది.

రోజుకు రెండు మూడు సార్లు, పూటకు రెండు మూడు చెంచాలతో మొదలు. తల్లిపాలు మానకూడదు. ఏడాది దాకా తేనె నాకించొద్దు. ఉప్పు, పంచదార కలపొద్దు. ఐరన్ చుక్కలు డాక్టర్ చెప్పేదాకా ఆపొద్దు: బిడ్డ ఒంట్లో ఐరన్ ఎక్కువగా నిల్వయ్యేది గర్భంలో చివరి మూడు నెలల్లోనే, ఆ నెలల్లో చాలా భాగం ఈ పాపకు దక్కలేదు.

మీ ఇంట్లో నెలలు నిండని బిడ్డ ఉంటే, ఎన్ని వారాలకు పుట్టిందో కార్డు మీద స్పష్టంగా రాయించండి. ఆశాకు, అంగన్‌వాడీ టీచరుకు ఆ సంఖ్య చెప్పండి. మొదటి ముద్ద ఎప్పుడో మీ బిడ్డను చూస్తున్న డాక్టర్‌ను అడిగి తేల్చుకోండి. పక్కింటి పిల్లతో పోటీ వద్దు. ముందుగా వచ్చిన బిడ్డకు ఆ వారాలు లెక్కలో తిరిగి ఇవ్వడం మన బాధ్యత.