సర్పగంధి: వేరు ఇచ్చిన మందు, వేరుకే వచ్చిన ముప్పు

షాద్‌నగర్ మందుల దుకాణాలలో నేడు రక్తపోటు మాత్రలు ఎన్నో లభిస్తున్నవి. 1940ల వరకు ఈ వ్యాధికి నమ్మదగిన ఔషధమే అరుదు. ఆ కొరత తీర్చినవాటిలో సర్పగంధి ఒకటి. పాతాళగంధి అని కూడా పిలిచే ఈ చిరుపొద మన దేశపు అడవులదే. ఎర్రని కాడలపై తెల్లని పూలు పూయును.

దీని వేరు రక్తపోటును తగ్గించునని బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అందుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. గిరాకీ పెరిగినది, తవ్వకమూ పెరిగినది. ఆకు కోసిన మొక్క మరల చిగురించును. వేరు తవ్విన మొక్క బ్రతకదు. 1990 నుండి దీని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందపు నియంత్రణలో ఉన్నది.

విత్తనాలు సరిగా మొలకెత్తవు గనుక పెంచదలచినవారు నర్సరీ మొక్కనే తెచ్చుకొనండి. వేరు చూర్ణం మాత్రం స్వయంగా సేవించకండి. రిసర్పిన్ వలన తీవ్రమైన మనోవ్యాకులత కలుగవచ్చును.