ఆవిరి ఓడిన చోట: బ్రిటిష్ టార్పెడో విమానాల ఇంజను శీతలీకరణ – విశాఖ తీరం నుంచి ఒక పరిశీలన

1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆనాటి భయాందోళనలు మన స్థానిక చరిత్రలో భాగమయ్యాయి. విమానాల ముక్కులో తిరిగిన ఇంజన్లు మాత్రం కాలేదు. విశాఖలోని 6వ తీరరక్షణ దళం వద్ద ఉన్నవి వెస్ట్‌లాండ్ వాపిటీలు. 1927లో మొదట ఎగిరిన ఆ రకానికి గాలితో చల్లబడే బ్రిస్టల్ జూపిటర్ ఇంజను ఆధారం. బ్రిటిష్ టార్పెడో బాంబర్లలో చివరికి నిలిచినదీ ఆ ఇంజను వంశమే. అది ఎందుకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1920లలో టార్పెడో విమానాలు ప్రధానంగా నీటి ఇంజన్లపై ఆధారపడ్డాయి. బ్లాక్‌బర్న్ డార్ట్‌కు నేపియర్ లయన్, హాకర్ హార్స్‌లీకి రోల్స్‌రాయిస్ కాండర్ అమర్చారు. 1928 నాటి వికర్స్ విల్డెబీస్ట్ నమూనా జూపిటర్‌తో ఎగిరింది. అయితే గాలి ఇంజను వెడల్పు ఎక్కువ, గాలి నిరోధమూ ఎక్కువ. రేడియేటర్‌కూ నిరోధం తప్పదు. ఈ రెంటినీ తప్పించుకొనే మార్గంగా 1930ల ఆరంభంలో ఆవిరి శీతలీకరణ ముందుకు వచ్చింది.

దాని తర్కం ఆకర్షణీయమైనది. ఒక గ్రాము నీరు 25 డిగ్రీలు వేడెక్కితే మోసుకుపోయేది 25 కెలోరీలు. అదే ఆవిరిగా మారితే 540. కనుక కొద్దిపాటి నీటిని ఇంజనులో మరగనిచ్చి, ఆవిరిని కండెన్సర్లలో చల్లార్చి, తిరిగి ఇంజనుకు పంపవచ్చు. చిక్కు పంపు దగ్గర వచ్చింది. మరుగు ఉష్ణోగ్రతకు చేరువలో ఉన్న నీటిని పంపు పీల్చగానే పీడనం తగ్గి అది మళ్లీ ఆవిరయ్యేది, ప్రవాహం తెగేది. రెడ్డిగూడెం వంటి మెట్ట గ్రామాల్లో ఆయిలింజను నడిపిన రైతుకు, నీరు ఆగిన ఇంజను ఎంతసేపు బతుకుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఎస్.9/30 నిర్దేశానికి ఫెయిరీ సంస్థ నిర్మించిన నమూనా ఆవిరితో చల్లబడే కెస్ట్రెల్ ఇంజనుతో 1934 ఫిబ్రవరిలో ఎగిరింది. గ్లోస్టర్ టి.ఎస్.ఆర్.38కి తర్వాత ఆవిరి పద్ధతి గాస్‌హాక్ అమర్చారు. రెండూ ఉత్పత్తికి నోచుకోలేదు. 1934 ఏప్రిల్‌లో ఎగిరిన ఫెయిరీ టి.ఎస్.ఆర్.2 మాత్రం స్వోర్డ్‌ఫిష్‌గా సేవలోకి వచ్చింది. దాని పెగసస్ ఇంజను జూపిటర్ వారసురాలు: అదే తొమ్మిది సిలిండర్లు, అదే 28.7 లీటర్ల పరిమాణం.

ఆవిరి పద్ధతి ఓటమికి పంపు లోపం ఒక్కటే చాలినంత కారణమని నేను భావించను. నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. దాదాపు 730 కిలోల టార్పెడో మోస్తూ, గరిష్ఠంగా గంటకు 220 కి.మీ. పోయే రెండు రెక్కల విమానంలో ఆ పొదుపు వల్ల దక్కేది స్వల్పం. నౌక నుంచి లేచేటప్పుడు ఇంజను పూర్తి శక్తితో తిరుగుతుంది, చల్లార్చే గాలి మాత్రం తక్కువ. ఇక ఎండ మాట. గాలి 15 డిగ్రీలున్నప్పుడు నూరు డిగ్రీల కండెన్సర్‌కు 85 డిగ్రీల వ్యత్యాసం దొరుకుతుంది. 40 డిగ్రీల ఎండలో 60 మాత్రమే. అదే వేడిని వదిలించడానికి సుమారు 40 శాతం అదనపు ఉపరితలం కావాలి. 200 డిగ్రీలకు కాలిన సిలిండర్ రెక్కలకైతే 16 శాతం అదనం చాలు. ఇరాక్‌లో డి.హెచ్.9ఏ విమానాలకు అదనపు రేడియేటర్ తగిలించవలసి రావడం ఇందుకు పూర్వానుభవం.

అయితే గాలి ఇంజను ఎన్నికే బ్రిటిష్ విమానాలను వెనుకబడేసిందనడం సరికాదు. ర్యూజో నుంచి వచ్చిన నకజిమా బి5ఎన్‌లదీ గాలితో చల్లబడే రేడియల్ ఇంజనే. ఒంటి రెక్క, ముడుచుకొనే చక్రాలతో అవి గంటకు 350 కి.మీ. దాటేవి. తేడా విమాన దేహంలోను, పాత విమానాలను మార్చకుండా వలస తీరాలకు వదిలిన విధానంలోను ఉంది. విశాఖ దాడికి పది వారాల ముందు, 1942 జనవరి 26న, మలయాలోని ఎండావు వద్ద జపాను నౌకలపైకి పగటివేళ పంపిన విల్డెబీస్ట్, ఆల్బకోర్ విమానాల్లో దాదాపు సగం తిరిగిరాలేదు. వాటి ఇంజన్లూ గాలితో చల్లబడేవే.