గుడారపు బూజు, ఆవు మేత

ఆవు గడ్డి తిని బతుకుతుంది గానీ, గడ్డిలోని సెల్యులోజును విడగొట్టే ఎంజైము దాని ఒంట్లో తయారవదు. ఆ పనంతా పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులదే. వాటిలో ప్రోటోజోవాను 1843లోనే గ్రూబీ, డెలాఫాన్ అనే శాస్త్రవేత్తలు వర్ణించారు. కానీ రూమెన్‌లో జరిగేది తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1928లో నార్త్ డకోటాలో షాల్క్, అమడాన్ అనే పరిశోధకులు ఆవు డొక్కకు శాశ్వతంగా రంధ్రం పెట్టి లోపలి కదలికలను పరిశీలించారు. తర్వాత శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ గాలి సోకకుండా సూక్ష్మజీవులను పెంచే పద్ధతి కనిపెట్టడంతో పీచును అరిగించే బ్యాక్టీరియాను విడదీయగలిగారు. మేతను నైలాన్ సంచిలో కట్టి ఆ రంధ్రం గుండా రూమెన్‌లో వేలాడదీయడం, తీసి కడిగి, ఆరబెట్టి, మిగిలినది తూచడం నేటికీ పరిశోధనశాలల్లో మామూలే.

మేతకు కలిపే ఎంజైము కథ మాత్రం యుద్ధంలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలొమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల నూలుగుడ్డ కుళ్లిపోయింది. అందుకు కారణమైన బూజును సైనిక శాస్త్రవేత్తలు విడదీసి అధ్యయనం చేశారు. వారిలో ఒకరైన ఎల్విన్ రీస్ పేరు మీద దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరొచ్చింది. గుడ్డలోని సెల్యులోజును విడగొట్టి కుళ్లబెట్టిన ఆ బూజు ఎంజైము, సెల్యులేజే, తర్వాత పరిశ్రమకు పనికొచ్చింది. నేడు మేత ఎంజైములు ఎక్కువగా ట్రైకోడెర్మా, ఆస్పర్‌జిల్లస్ బూజుల నుంచే వస్తున్నాయి.

1960లో అయోవాలో బరోస్ బృందం మాంసపు పశువుల దాణాలో ఎంజైము కలిపితే బరువు పెరిగింది. అయితే అన్నిచోట్లా అలాంటి ఫలితం రాలేదు. పైగా ఎంజైము కూడా ప్రోటీనే కదా, రూమెన్ దాన్నే అరిగించేస్తుందన్న అనుమానం బలంగా ఉండేది. విషయం చాలాకాలం మూలన పడింది.

మళ్లీ కదిలించింది కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో కారెన్ బోషమిన్ బృందం. 1995 ప్రయోగంలో ఎండు లూసర్న్ తిన్న కోడెలు తక్కువ మోతాదుకే బాగా పెరిగాయి. తిమోతీ గడ్డికి చాలా ఎక్కువ మోతాదు కావాల్సి వచ్చింది. బార్లీ సైలేజీ (పాతర గడ్డి) తిన్న వాటిలో మార్పే లేదు. నా దృష్టిలో ఈ చరిత్రలోకెల్లా విలువైన పాఠం ఇదే: ఎంజైము పనితనాన్ని తేల్చేది మేత. 1999లో ఇదే బృందం కొత్తగా ఈనిన ఆవుల దాణాకు ఎంజైము పట్టించి ఇస్తే రోజు పాలు 35.9 కిలోల నుంచి 39.5 కిలోలకు చేరాయి. వెన్న శాతం మాత్రం తగ్గింది. వెన్నను బట్టి ధర కట్టే మన పాడి రైతుకు ఇది చిన్న సంగతి కాదు. తర్వాత అనేక ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన 2017 విశ్లేషణలో సగటు పెరుగుదల రోజుకు కిలో కూడా తేలలేదు.

ఇక మన మేత సంగతి: వరిగడ్డిలో సిలికా ఎక్కువ, పీచును బిగించి ఉంచే లిగ్నిన్ కూడా ఉంటుంది. మేతకు కలిపే సెల్యులేజ్, జైలనేజ్ వంటి ఎంజైములు లిగ్నిన్‌ను తెంచలేవు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మాగబెట్టే పాత పద్ధతి ఆ పీచును కొంత సడలిస్తుంది. వరిగడ్డి మేపే రైతులు ఎంజైము ప్యాకెట్ కొనేముందు ఒక్క ప్రశ్న అడగాలి: దీన్ని ఏ మేత మీద పరీక్షించారు? జవాబు వరిగడ్డి కాకపోతే, ఆ డబ్బు ముందు పచ్చిమేతకు పెట్టాలి.