హీమోసయనిన్ రాగి కేంద్రం – కృత్రిమ నమూనాల సాక్ష్యం: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వేలాది పరమాణువులు గల ప్రోటీనులో రసాయన చర్య జరిగే చోటు చాలా చిన్నది. ఒకటి రెండు లోహ అయాన్లు, వాటిని పట్టి ఉంచే కొన్ని అమైనో ఆమ్లాలు కలిసి క్రియాశీల స్థానం ఏర్పడుతుంది. ఆ స్థానాన్ని మాత్రమే పోలిన లోహ సమ్మేళనాలను ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతి 1970ల నుంచి జీవ అకర్బన రసాయనశాస్త్రంలో స్థిరపడింది. 1980లో జేమ్స్ ఐబర్స్, రిచర్డ్ హోల్మ్ 'సైన్స్' పత్రికలో ఇటువంటి నమూనాలను రెండు రకాలుగా వింగడించారు: తెలిసిన నిర్మాణాన్ని ధ్రువీకరించేవి, నిర్మాణం తెలియకముందే ఊహ ఆధారంగా రూపొందించేవి. రెండవ రకానికి సాక్ష్యవిలువ ఎంత? హీమోసయనిన్ చరిత్ర ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఉదాహరణ.

సమస్య స్వరూపం

పీతలు, నత్తలు మొదలైన జీవులలో ఆక్సిజన్‌ను మోసేది హీమోసయనిన్. ఆక్సిజన్ చేరగానే వర్ణరహితమైన ఈ ప్రోటీను నీలిరంగు పొందుతుంది. కోసిన వంకాయ ముక్కను నల్లబరిచే ఎంజైములలోనూ, టైరోసినేజ్‌లోనూ ఇటువంటి జంట రాగి కేంద్రమే ఉంది. బంధితమైన ఆక్సిజన్ పెరాక్సైడ్ రూపంలో ఉన్నదని 1970లలో రామన్ వర్ణపటం తెలిపింది. దాని కంపన పౌనఃపున్యం సుమారు 750 సెం.మీ⁻¹. అయితే రెండు రాగి(II) అయాన్లలో ఒక్కొక్క ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్నప్పటికీ ప్రోటీను డయా అయస్కాంత ధర్మాన్ని చూపింది. దీనిని వివరించడానికి పెరాక్సైడ్‌తో పాటు మరొక వారధి లైగాండ్ ఉండాలని పలువురు భావించారు. 1984లో వెలువడిన ఆక్సిజన్ రహిత రూపపు స్ఫటిక నిర్మాణంలో ప్రతి రాగికీ మూడేసి హిస్టిడిన్లు కనిపించాయి. ఆక్సిజన్ ఎలా అమరుతుందన్నది మాత్రం తేలలేదు.

రెండు నమూనాలు

1988లో కెన్నెత్ కార్లిన్ బృందం రాగి–పెరాక్సైడ్ జంట సమ్మేళనపు తొలి స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించింది. అందులో పెరాక్సైడ్ ఒక్కొక్క కొనతో ఒక్కొక్క రాగిని తాకింది. రాగి అయాన్ల మధ్య దూరం 4.36 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇది హీమోసయనిన్ కొలతలకు సరిపోలేదు.

మరుసటి ఏడాది టోక్యోలో నోబుమాసా కితజిమా బృందం మూడు హిస్టిడిన్లకు బదులు మూడు పైరజోల్ వలయాలు గల లైగాండ్‌ను వినియోగించింది. ఆ సమ్మేళనంలో పెరాక్సైడ్ అడ్డంగా పడుకుని, దాని రెండు ఆక్సిజన్ పరమాణువులూ రెండు రాగులనూ తాకాయి. రాగుల మధ్య దూరం 3.56 ఆంగ్‌స్ట్రామ్‌లు, కంపనం 741 సెం.మీ⁻¹. వేరే వారధి ఏదీ లేకుండానే అది డయా అయస్కాంతం. అంటే, అంతవరకు తప్పనిసరి అనుకున్న రెండవ వారధి అవసరమే లేదని రుజువైంది. 1994లో లిమ్యులస్ పీత హీమోసయనిన్ ఆక్సిజన్ రూపపు స్ఫటిక నిర్మాణం ఇదే అమరికను చూపింది.

ముగింపు

నమూనా ప్రకృతికి ముందు నడిచిన సందర్భమిది. అయినా దీని పరిమితిని గుర్తించాలి. 1996లో విలియం టోల్మన్ బృందం ఒకే లైగాండ్‌తో ద్రావణిని మార్చి, అడ్డంగా ఉన్న పెరాక్సైడ్‌నూ, ఆక్సిజన్–ఆక్సిజన్ బంధం తెగిన రూపాన్నీ పొందింది. కనుక నమూనా ఏది సాధ్యమో చెప్పగలదు. ప్రోటీను దేనిని ఎంచుకుందో చెప్పవలసింది ప్రోటీనే. దూరం, కంపనం, అయస్కాంత ధర్మం అనే పరస్పర స్వతంత్ర కొలతలు మూడూ ఒకేసారి కలిసినందువల్లనే కితజిమా సమ్మేళనానికి 1994కు ముందే సాక్ష్యబలం చేకూరింది.