పచ్చికను తవ్వి తీసిన మైదానం

పాత కట్టడాన్ని బాగుచేయాలంటే దాని తొలి రూపం తెలియాలి. మరి గడ్డి మైదానానికి తొలి రూపం ఎక్కడ వెతకాలి? అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, పైన్‌హర్స్ట్ రెండో నంబరు గోల్ఫ్ కోర్సులో ఈ ప్రశ్నే ఎదురైంది.

1907లో ప్రారంభమైన ఈ కోర్సును స్కాట్లాండు నుంచి వచ్చిన డొనాల్డ్ రాస్ రూపొందించాడు. 1948లో మరణించేవరకు దిద్దుతూనే ఉన్నాడు. అది ఇసుక నేల. ఆటదారికి ఇరువైపులా ఇసుక, వైర్‌గ్రాస్ అనే అడవిగడ్డి దుబ్బులు ఉండేవి. తర్వాతి దశాబ్దాల్లో ఆ ఇసుకను బెర్ముడా గడ్డి కప్పేసింది. ఇది మన గరిక జాతిదే. ఇసుక నీటిని నిలుపుకోదు కనుక ఆ పచ్చదనానికి నీళ్లు పోస్తూనే ఉండాలి. రంగుల టెలివిజన్ వచ్చాక పచ్చదనమే అందమనిపించింది (టెలివిజన్ పాఠంలో ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే!).

2010లో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా పునరుద్ధరణ మొదలుపెట్టారు. 1943లో విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలు వారికి ఆధారమయ్యాయి. మరో సాక్షి నేలలోనే ఉంది. అది పాత నీటి గొట్టం. దాన్ని ఆటదారి నడుమ ఒకే వరుసలో పరిచారు. కాబట్టి గొట్టం ఎటు పోతే పాత దారి అటే! ఇరుపక్కలా నీరు చిమ్మినంత మేరకే పచ్చిక, ఆపైన ఇసుక.

సుమారు 35 ఎకరాల గడ్డిని తొలగించారు. నీరు చిమ్మే స్ప్రింక్లర్లు 1,150 నుంచి 450కి తగ్గాయి. 2014లో పురుషుల, మహిళల యు.ఎస్. ఓపెన్ పోటీలు వరుస వారాల్లో అక్కడే జరిగాయి. గోధుమరంగు అంచులు చూసి మైదానం ఎండిపోయిందనుకున్నవారూ ఉన్నారు. వారు చూసింది రాస్ కాలపు ఇసుకను.