జాతీయోద్యమ కాలపు ఆంధ్ర చిత్రకళలో సాహిత్యం

జాతీయోద్యమ కాలంలో ఆంధ్ర చిత్రకారులు ఇతిహాసాలనూ, బౌద్ధగాథలనూ, తెలుగు కవుల మూర్తులనూ చిత్రవస్తువులుగా స్వీకరించారు. ఇది కథలకు బొమ్మలు గీయడంతో ఆగలేదు. పరాయి పాలనలో ఒక జాతి తనను తాను ఎలా చూసుకోవాలన్న ప్రశ్నకు సమాధానంగా ఎదిగింది. ఐరోపా చిత్రకారులూ మార్పుల కాలంలో కావ్యాలను ఆశ్రయించారు. కూలీల శ్రమతో ధనవంతులైన అన్నల క్రౌర్యాన్ని చెప్పే కీట్స్ కవిత ఆధారంగా, పారిశ్రామిక ఇంగ్లండులో మిలే 1849లో ‘ఇసబెల్లా’ చిత్రించాడు. పాత కథ వర్తమానాన్ని నిలదీయగలదనడానికి అది నిదర్శనం.

ఆంధ్రలో ఈ ధోరణికి 1905 బెంగాల్ విభజన తర్వాతి వందేమాతరం ఉద్యమం దారి వేసింది. కృష్ణా జిల్లా బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ అక్కడ చిత్రకళ నేర్పారు. రాజమండ్రిలో కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు (1895–1952)లను ప్రోత్సహించారు. దామెర్ల ‘ఋష్యశృంగ బంధనం’ రామాయణ గాథ నుంచీ, ‘సిద్ధార్థ రాగోదయం’ బుద్ధుని కథ నుంచీ పుట్టాయి. స్వయంగా కవి, నవలాకారుడు అయిన బాపిరాజు తిక్కనను చిత్రించారు.

దేశం ఉద్యమాలతో అట్టుడుకుతుంటే పురాణగాథలు గీయడం పలాయనం కాదా అని అడగవచ్చు. బాపిరాజు జీవితం దీన్ని ఒప్పుకోదు: సహాయ నిరాకరణలో జైలుకు వెళ్లినదీ, తర్వాత బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసినదీ ఆయనే. పురాణ వస్తువును రవివర్మ ముద్రణాలయం 1894 నుంచే ఇంటింటికీ చేర్చింది కదా, ఇందులో కొత్తేముందన్నది మరో అభ్యంతరం. కొత్తదనం కథలో లేదు, గీతలో ఉంది. రవివర్మ ఐరోపా తైలవర్ణ పద్ధతిలో చూపిన పురాణలోకాన్ని ఈ తరం అజంతా రేఖల వారసత్వంతో మళ్లీ ఊహించింది. బొంబాయి జె.జె. కళాశాలలో పాశ్చాత్య శిక్షణ పొందిన దామెర్ల ఈ దారి పట్టడం అలవాటు కాదు, ఎంపిక. అయితే ఈ చిత్రాల్లో రాజులకూ, ఋషులకూ దక్కినంత చోటు పాలేరుకూ, కూలీకీ దక్కలేదన్న విమర్శ న్యాయమైనదే. ఆ పరిమితిని అంగీకరించినా ఈ తరం సాధించింది తగ్గదు: తెలుగువారి కథను తెలుగువారి కంటితో చూసి గీయవచ్చన్న ధైర్యాన్ని అది తర్వాతి చిత్రకారులకు ఇచ్చింది.