గొలుసు రంపానికి పదును.. కోణం కుదిరితేనే కోత

ఒంగోలు: సుబాబుల్‌, జామాయిల్‌, సరుగుడు తోటల నరికివేతలో గొడ్డలి స్థానాన్ని గొలుసు రంపం ఆక్రమించి చాలా కాలమైంది. 2014 అక్టోబరులో విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్‌, 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాను కుదిపిన తిత్లీ తుపానుల తరువాత రహదారులపై కూలిన చెట్లను తొలగించడంలోనూ ఈ యంత్రమే అక్కరకు వచ్చింది. అయితే యంత్రం ఎంత శక్తిమంతమైనదైనా గొలుసు మొద్దుబారితే పని సాగదు. టన్నుల లెక్కన కూలి తీసుకునే కోత కార్మికునికి అది ఆదాయ నష్టం. మొద్దు రంపాన్ని బలవంతంగా అదిమి కోయడం ప్రాణాపాయం కూడా. గ్రైండరుపై గొలుసుకు సక్రమంగా పదును పెట్టే విధానాన్ని కోత కార్మికులు, మరమ్మతు దుకాణదారులు తెలుసుకోవడం అవసరం.

పొట్టు చెప్పే సంగతి

పదునుగల గొలుసు చెక్కను పలుచని పేళ్లుగా చెక్కి విసురుతుంది. పేళ్లకు బదులు పిండి వంటి పొట్టు రాలుతున్నా, చేతితో అదమనిదే రంపం దిగకున్నా, నూనె సక్రమంగా అందుతున్నప్పటికీ పొగ వస్తున్నా పదును పోయినట్లే. కోత నిటారుగా దిగక ఒక పక్కకు ఒరుగుతుంటే కుడి, ఎడమ పళ్ల పొడవులోనో, కోణంలోనో తేడా ఉన్నట్లు గ్రహించాలి.

పురుగు నేర్పిన పాఠం

నేటి గొలుసు పంటి రూపానికి మూలం ఒక పురుగు. అమెరికాలోని ఒరెగాన్‌ రాష్ట్రంలో కలప కోసే వృత్తిలో ఉన్న జో కాక్స్‌ 1946లో ఒక మొద్దులో పెంకుపురుగు డింభకాన్ని గమనించారు. అది తన దవడలతో కుడి ఎడమలకు మారుతూ చెక్కను తొలుచుకుంటూ పోతోంది. ఆ పద్ధతినే అనుసరించి ఆయన రూపొందించిన గొలుసు 1947లో అమ్మకానికి వచ్చింది. నేటికీ గొలుసులో ఒక పన్ను కుడికి, మరొకటి ఎడమకు కోస్తాయి. ప్రతి పంటి ముందు ‘డెప్త్‌ గేజ్‌’ అనే చిన్న బుడిపె ఉంటుంది. పన్ను ఒక్కసారికి ఎంత లోతు చెక్కాలో నిర్ణయించేది ఆ బుడిపే.

అన్ని గ్రైండర్లూ పనికిరావు

వెల్డింగు దుకాణాల్లో కత్తులు, ఉలులు నూరే రెండు రాళ్ల బెంచి గ్రైండరు ఇందుకు తగదు. దాని రాయి మందం ఎక్కువ. పంటిని ఒకే కోణంలో నిలిపి ఉంచే ఏర్పాటు కూడా ఉండదు. గొలుసును బిగించే పట్టు, కోణాలు గుర్తించిన పలక, కిందికి దించే తల కలిగి, బల్లకు బిగించుకునే గొలుసు గ్రైండరునే వాడాలి.

ముందుగా గొలుసు ‘పిచ్‌’ తెలుసుకోవాలి. వరుసగా మూడు రివెట్లలో మొదటిదాని నడిమి నుంచి మూడోదాని నడిమికి గల దూరాన్ని రెండుతో భాగిస్తే పిచ్‌ వస్తుంది. 0.325 అంగుళం, సాధారణ 3/8 అంగుళం గొలుసులకు దాదాపు 4.8 మి.మీ. మందం గల రాయి, చిన్న రంపాలకు వచ్చే తక్కువ ఎత్తు 3/8 గొలుసుకు 3.2 మి.మీ. రాయి వాడతారు. బుడిపెలు తగ్గించేందుకు 6 మి.మీ. రాయి వేరుగా ఉంటుంది.

మూడు కోణాలు

మొదటిది పంటి పైపలక కోణం. అడ్డకోత గొలుసులకు ఇది సాధారణంగా 30 డిగ్రీలు. కొన్ని రకాలకు 25 డిగ్రీలు. మొద్దును నిలువునా పలకలుగా చీల్చే గొలుసుకు 10 డిగ్రీలు. రెండోది గ్రైండరు తల వాలు. ఇది ఎక్కువ గొలుసులకు 60 డిగ్రీలు, కొన్నింటికి 55. మూడోది గొలుసు పట్టు వాలు. సాధారణంగా సున్నా ఉంచుతారు. 10 డిగ్రీలు కావలసిన రకాలకు కుడి పళ్ల నుంచి ఎడమ పళ్లకు మారినప్పుడు ఈ వాలునూ ఎదురు దిశకు మార్చాలి. గొలుసు పెట్టెపై తయారీదారు ముద్రించిన కోణాలే ప్రమాణం. చాలా గొలుసుల్లో పంటి వెనుక అంచున సన్నని గీత ఉంటుంది. కోణాన్నీ, పంటిని ఎంతవరకు అరగదీయవచ్చో కూడా అదే తెలుపుతుంది.

పని క్రమం

గొలుసుకు అంటిన నూనె, జిగురును బ్రష్షుతో కిరోసిన్‌లో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే నిప్పురవ్వలకు అంటుకోవచ్చు. జిడ్డు ఉంటే రాయి పూడుకుపోతుంది. తరువాత పళ్లన్నింటినీ పరిశీలించి అన్నింటికన్నా పొట్టి పంటిని గుర్తించాలి. దాని పొడవుకే ఆనికను సరిచేసి, మిగిలిన పళ్లన్నీ అదే పొడవుకు తేవాలి. మొదటి పంటికి సుద్దతో గుర్తు పెట్టుకుంటే లెక్క తప్పదు. ఒక వైపు పళ్లన్నీ పూర్తయిన తరువాతే కోణం మార్చి రెండో వైపు మొదలుపెట్టాలి. రాయి పంటి గాడి అడుగు వరకు దిగాలే తప్ప కింది లింకులకు తగలరాదు.

నీలిరంగు కనిపిస్తే..

రాయిని పంటిపై అదిమి నిలపరాదు. క్షణం తాకించి లేపుతూ, అవసరమైనన్ని సార్లు తిరిగి తాకించాలి. అంచు నీలిరంగుకు తిరిగితే ఉక్కు పొగరు పోయినట్లు గుర్తు. అలాంటి పన్ను ఎంత నూరినా కొద్ది కోతలకే మొద్దుబారుతుంది. వేడెక్కిన పంటిని నీటిలో ముంచడం మరో పొరపాటు. అంచు పెళుసెక్కి విరిగిపోవచ్చు. రాయి నున్నబడితే వేడి పెరుగుతుంది కనుక తరచూ దిద్దుడు రాయితో దాని ముఖం సరిచేయాలి. పంటి పైపొరగా ఉండే క్రోమియం పూత దెబ్బతిన్న మేర పూర్తిగా అరగదీసినప్పుడే అసలు పదును తేలుతుంది.

బుడిపెను మరువరాదు

పన్ను అరిగే కొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది. బుడిపె ఎత్తు మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల ఎంత పదునైన పన్నైనా చెక్కను అందుకోలేదు. మూడు, నాలుగు పదునులకు ఒకసారైనా కొలత పలక పెట్టి చూడాలి. సాధారణ గొలుసుల్లో బుడిపె పంటి అంచుకన్నా 0.65 మి.మీ. దిగువన ఉండాలి. తగ్గించిన తరువాత దాని ముందు మూలను గుండ్రంగా దిద్దాలి. వేగంగా తెగుతుందన్న ఆశతో మరీ తగ్గిస్తే పన్ను చెక్కలో చిక్కుకుంటుంది. రంపం ముక్కు పైభాగం కొమ్మకు తగిలినప్పుడు యంత్రం ఒక్కసారిగా మనిషి వైపు ఎదురు తన్నే ప్రమాదం పెరుగుతుంది. మెడకు, ముఖానికి తీవ్ర గాయాలయ్యేది ఇలాంటి సందర్భాల్లోనే.

జాగ్రత్తలు

కొత్త రాయి బిగించే ముందు దానిని వేలికి తగిలించి చెక్క పిడితో తేలికగా తట్టాలి. ఖంగుమంటే మంచిది. మొద్దు శబ్దం వస్తే పగులు ఉన్నట్లే, వాడరాదు. రాయిపై ముద్రించిన వేగాన్ని గ్రైండరు వేగం మించరాదు. కంటి అద్దాలు తప్పనిసరి. రాయి మూత తీయరాదు. పని ముగిశాక గొలుసుకు అంటిన రాతిపొడిని తుడిచి నూనెలో నానబెట్టాలి.

ప్రతి చిన్న మొద్దుతనానికీ గ్రైండరును ఆశ్రయిస్తే గొలుసు త్వరగా అరిగిపోతుంది. రాయికో మేకుకో తగిలి పళ్లు దెబ్బతిన్నప్పుడు, పొడవులు హెచ్చుతగ్గులైనప్పుడు మాత్రమే దాని అవసరం. మిగతా రోజుల్లో పెట్రోలు నింపుకునే ప్రతిసారీ గుండ్రని ఆకురాయితో పంటికి రెండు, మూడు రుద్దులు రుద్దితే చాలు. 0.325 గొలుసుకు 4.8 మి.మీ., తక్కువ ఎత్తు 3/8 గొలుసుకు 4 మి.మీ. ఆకురాయి సరిపోతుంది. గ్రైండరుపై పెట్టిన కోణాన్నే ఆకురాయితోనూ పాటిస్తే గొలుసు పళ్లు గీత వరకు అరిగేదాకా పనిచేస్తుంది. గీత దాటాక ఎంత పొదుపరి అయినా దానిని పక్కన పెట్టవలసిందే. ఆ దశలో పన్ను విరిగి ఎగిరిపడే ప్రమాదం ఉంది.